ఏసీబీ వలకు చిక్కేది, చిక్కనిది: జిల్లా పేజీలో అవినీతి వార్త ఎలా పుడుతుంది

హనుమకొండలో పొద్దున్నే టీ తాగుతూ జిల్లా పేజీ తిరగేసేవారికి ఒక ఫొటో బాగా పరిచయం. బల్ల మీద పరిచిన ఐదువందల నోట్లు, పక్కన గులాబీ రంగు ద్రావణం నింపిన సీసాలు, వెనక తల వంచుకుని కూర్చున్న ఒక ఉద్యోగి. 'ఏసీబీ వలలో' అని మొదలయ్యే శీర్షిక. ఏసీబీ అంటే అవినీతి నిరోధక శాఖ. అదే పేజీ అడుగున ఒక చిన్న వార్త కూడా ఉంటుంది. ఫలానా తండాకు వేసిన సీసీ రోడ్డు నాసిరకంగా ఉందని స్థానికులు ఆరోపిస్తున్నారు, అధికారులు స్పందించాలని కోరుతున్నారు. అంతే, మూడు వాక్యాలు.

రెండూ అవినీతి వార్తలే. మొదటిది చదివి 'దొరికాడు' అనుకుంటాం, రెండోది చదవకుండానే పేజీ తిప్పేస్తాం. మొదటి వార్తలోని సొమ్ము ఐదు వేలో పది వేలో ఉంటుంది. రెండో వార్త నిజమే అయితే అందులోని సొమ్ము లక్షల్లో ఉండవచ్చు. చిన్న మొత్తానికి అంత చోటు ఎలా దక్కింది? పెద్ద మొత్తం 'ఆరోపణ' దగ్గరే ఎందుకు ఆగిపోయింది? విలేకరులు అమ్ముడుపోయారనే మాట దీనికి చాలామంది దగ్గర సిద్ధంగా ఉన్న జవాబు. ఆ జవాబులో కొంత నిజం ఉంది. అయితే దానితోనే సరిపెట్టుకుంటే అసలు కారణాలు కనిపించకుండా పోతాయి. చట్టం దేన్ని నేరమంటుందో, ఆధారం ఎవరి చేతిలో ఉంటుందో, మండల విలేకరికి కూడు ఎక్కడి నుంచి వస్తుందో చూస్తే తప్ప ఈ ముడి విడదు.

లంచం, స్వాహా, తాత్సారం ఒకటి కావు

మన మాటల్లో అన్నీ 'అవినీతి'. చట్టంలో అలా కాదు. 1988 నాటి అవినీతి నిరోధక చట్టాన్ని 2018లో సవరించారు. ఇప్పుడు అందులో ప్రధానంగా మూడు రకాల నేరాలు ఉన్నాయి. ప్రభుత్వోద్యోగి తన పని చేయడానికో చేయకుండా ఉండడానికో సొమ్ము తీసుకోవడం మొదటిది. దానికి మూడేళ్ల నుంచి ఏడేళ్ల జైలు, జరిమానా. తనకు అప్పగించిన ప్రభుత్వ ఆస్తిని సొంతానికి మళ్లించుకోవడం రెండోది. ఆదాయానికి మించిన ఆస్తులు కూడబెట్టడం మూడోది.

ఈ మూడింటి బయట ఉండేది చాలా ఉంది. తహసీల్దారు కార్యాలయంలో ఒక దస్త్రం ఆరు నెలలు కదలకపోవడం అన్యాయమే. సొమ్ము అడిగినట్టు తేలేవరకు మాత్రం అది ఈ చట్టం కింద నేరం కాదు.

ధాన్యం సంగతి తీసుకుందాం. ఉత్తర తెలంగాణలో ప్రతి సీజన్‌లోనూ పత్రికలకెక్కే విషయమిది. కొనుగోలు కేంద్రంలో ధాన్యం తూకమయ్యాక లారీ మిల్లుకు వెళుతుంది. తాలు, తేమ ఎక్కువగా ఉన్నాయంటూ అక్కడ తరుగు తీస్తారు. నలభై కిలోల బస్తాకు రెండు కిలోల చొప్పున తీశారనుకుందాం. నూరు బస్తాలు తోలిన రైతుకు పోయేది రెండు క్వింటాళ్లు. 2025-26 సీజన్‌కు ఏ గ్రేడు ధాన్యం మద్దతు ధర క్వింటాలుకు 2,389 రూపాయలు. అంటే ఆ ఒక్క రైతుకు 4,778 రూపాయల నష్టం. దోపిడీ అని రైతు అనే మాటలో తప్పేమీ లేదు. కానీ కోత పెట్టింది మిల్లు యజమాని, అతడు ప్రభుత్వోద్యోగి కాడు. ఈ చట్టం కిందికి రావాలంటే ఆ కోతను చూసీ చూడనట్టు వదిలేసిన అధికారికి ముట్టినదేమిటో తేలాలి. 'తరుగు పేరిట దోపిడీ' అని పత్రిక రాస్తుంది, 'అధికారుల కుమ్మక్కు' అని మాత్రం రాయలేకపోతుంది. ఆ గీత ఇక్కడ పడింది.

మిల్లర్ల దగ్గర పేరుకుపోయిన బియ్యం బకాయిల వార్తల్లోనూ ఇలాంటి చిక్కే ఉంది. ప్రభుత్వం మర ఆడించమని ఇచ్చిన ప్రతి నూరు క్వింటాళ్ల ధాన్యానికి మిల్లు 67 క్వింటాళ్ల పచ్చి బియ్యం తిరిగి ఇవ్వాలి. వెయ్యి క్వింటాళ్లు తీసుకున్న మిల్లు గడువులోగా 670 క్వింటాళ్లు అప్పగించకపోతే అది బకాయి. గోదాములో ధాన్యం అలాగే ఉంటే జాప్యం. గోదాము ఖాళీగా ఉంటే ధాన్యం అమ్ముకున్నట్టు. ఆ రెంటిలో ఏదన్నది అధికారులు మిల్లుకు వెళ్లి నిల్వలు లెక్కపెడితేనే తెలుస్తుంది. తనిఖీకి ముందు వచ్చే వార్తలో ఉండేదల్లా బకాయి అంకె. దాన్నే కుంభకోణం అంకెగా చదువుకోవడం మనం తరచూ చేసే పొరపాటు.

గులాబీ రంగు ఏం చెబుతుంది

ఏసీబీ ఫొటోలోని సీసాల వెనక చిన్న రసాయన శాస్త్రం ఉంది. బాధితుడు 1064 నంబరుకు ఫోను చేసో, నేరుగా వెళ్లో ఫిర్యాదు చేస్తాడు. లంచంగా ఇవ్వబోయే నోట్ల నంబర్లు ముందే రాసిపెట్టుకుని, వాటికి ఫినాఫ్తలీన్ పొడి అద్దుతారు. ఉద్యోగి ఆ నోట్లు ముట్టుకున్నాక అతని వేళ్లను సోడియం కార్బొనేటు నీళ్లలో ముంచితే నీళ్లు గులాబీ రంగుకు మారతాయి.

ఆ రంగు చెప్పేది ఒక్కటే, ఈ వేళ్లు ఆ నోట్లను తాకాయని. ఆ సొమ్మును అతడు అడిగాడా అన్నది రంగు చెప్పదు. కోర్టులో కేసు నిలవాలంటే అడగడమూ తేలాలి, తీసుకోవడమూ తేలాలి. 2022 డిసెంబరులో సుప్రీంకోర్టు అయిదుగురు న్యాయమూర్తుల ధర్మాసనం ఈ సంగతిని మళ్లీ స్థిరపరిచింది. ఫిర్యాదుదారు చనిపోయినా, కోర్టులో మాట మార్చినా కేసు వీగిపోనక్కరలేదని, పరిస్థితుల సాక్ష్యంతోనూ అడిగిన సంగతి నిరూపించవచ్చని అదే తీర్పులో చెప్పింది. ట్రాప్ అయిన, అంటే ఇలా వల పన్ని పట్టుకున్న ఉద్యోగులు కొందరు ఏళ్ల తరువాత నిర్దోషులుగా బయటపడడం చూసి 'మేనేజ్ చేసుకున్నాడు' అనేస్తుంటాం. అలా జరిగే కేసులూ ఉండవచ్చు. అడిగినట్టు నిరూపణ కాక వీగిన కేసులూ ఉంటాయి.

లంచం ఇచ్చినవాడి సంగతిలోనూ అయోమయం ఉంది. 2018 సవరణ తరువాత ఇవ్వడమూ నేరమే. అయితే బలవంతంగా ఇవ్వాల్సివస్తే, ఇచ్చిన ఏడు రోజుల్లోగా దర్యాప్తు సంస్థకు తెలిపినవారికి శిక్ష ఉండదు. ముందే ఏసీబీకి చెప్పి వారి సూచన మేరకు సొమ్ము ఇచ్చినవారికీ ఉండదు. ఎనిమిదో రోజు నుంచి బాధితుడే నేరస్తుడి గీతలోకి వచ్చే ప్రమాదం ఉంది. ఏడాది కిందట ఇచ్చిన లంచం గురించి విలేకరి దగ్గర వాపోయిన మనిషి, పేరు రాస్తామనగానే వెనక్కి తగ్గేది ఇందుకే.

విలేకరి వైపు నుంచి చూస్తే ట్రాప్ అంత సులువైన వార్త ఇంకొకటి లేదు. ఏసీబీ పత్రికా ప్రకటన ఇస్తుంది. నిందితుడి పేరు, హోదా, సొమ్ము, సమయం అందులోనే ఉంటాయి. ఫొటో ఉంటుంది. వార్తకు పూచీ ప్రభుత్వ సంస్థదే కాబట్టి పరువునష్టం భయం దాదాపు ఉండదు. పాఠకుడికి కథ మొత్తం ఒకే చూపులో అర్థమవుతుంది. ఈ వార్తలు రాయడం తప్పని నేననను. ఒక తహసీల్దారు కార్యాలయంలో ట్రాప్ జరిగితే పక్క మండలంలో కొన్నాళ్లయినా బల్లల కింద చేతులు ఆగుతాయి. నా మనసులో ఉన్నది మరో మాట. ఈ వార్తను విలేకరి వెతికి పట్టుకోలేదు, అతనికి అందించారు.

తండా రోడ్డు లెక్క

ఇప్పుడు పేజీ అడుగున ఉన్న ఆ మూడు వాక్యాల వార్తను విప్పి చూద్దాం. అంకెలన్నీ అర్థం కావడానికి అనుకున్నవే.

తండాకు రెండువందల మీటర్ల పొడవు, మూడు మీటర్ల వెడల్పుతో సీసీ రోడ్డు మంజూరైంది. అంచనా ప్రకారం మందం 15 సెంటీమీటర్లు. పొడవు, వెడల్పు, మందం హెచ్చిస్తే తొంభై ఘనపు మీటర్ల కాంక్రీటు. వేసిన మందం పది సెంటీమీటర్లే అయితే పడింది అరవై ఘనపు మీటర్లు. ముప్ఫై ఘనపు మీటర్లు కాగితం మీద ఉన్నాయి, నేల మీద లేవు. ఘనపు మీటరుకు ఆరు వేల రూపాయలనుకుంటే తేడా లక్షా ఎనభై వేలు.

ఈ లక్షా ఎనభై వేలు ఎవరి జేబులోంచి పోయాయి? ఏ ఒక్కరి జేబులోంచీ పోలేదు. లంచంలో బాధితుడు ఎదురుగా ఉంటాడు, కడుపు మండి 1064కు ఫోను చేస్తాడు. ఇక్కడ తండా అంతా బాధితులే కాబట్టి ఫిర్యాదుదారు అంటూ ఎవరూ తేలరు. పైగా రోడ్డు వచ్చింది కదా అన్న సంతోషం మొదటి వానాకాలం దాకా ఉంటుంది. గుత్తేదారు ఫిర్యాదు చేయడు, ఇంజినీరూ చేయడు, ఇద్దరి మధ్యా సఖ్యత ఉంది కనుకనే ఆ బిల్లు పాసైంది.

విలేకరి దీన్ని ఆరోపణ స్థాయి దాటించి రాయాలంటే మూడు కావాలి. ఒకటి అంచనా ప్రతి, ఎంత మందం వేయాలో అందులో ఉంటుంది. రెండోది ఎంబీ, అంటే కొలతల పుస్తకం. ఎంత వేశామని ఇంజినీరు సంతకం చేశాడో అందులో ఉంటుంది. మూడోది రోడ్డులోంచి కోసి తీసిన ముక్క, నిజంగా ఎంత వేశారో అది చెబుతుంది. మొదటి రెండూ కార్యాలయం బీరువాలో ఉంటాయి. మూడోదానికి నాణ్యత నియంత్రణ విభాగం రావాలి. గునపంతో అంచు తవ్వి టేపు పెట్టి ఫొటో తీసే విలేకరులు ఉన్నారు, వాళ్లంటే నాకు గౌరవం. కానీ అంచు దగ్గర పలుచగా ఉంటే మధ్యలోనూ అంతే అని గుత్తేదారు ఒప్పుకోడు, కోర్టూ ఒప్పుకోదు.

ఇదే మండలంలో ఉపాధి హామీ పనుల్లో జరిగిన మోసాలు మాత్రం పత్రికల్లో పేర్లతో, రూపాయలతో సహా వివరంగా వచ్చేవి. చనిపోయినవారి పేరిట మస్టర్లు (హాజరు పట్టీలు), తవ్వని కందకాలకు చెల్లింపులు, ఫీల్డ్ అసిస్టెంటు నుంచి ఇంత రికవరీ అని. ఆ విలేకరే, ఆ పత్రికే. మరి తేడా ఎక్కడ వచ్చింది? ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 2006లో మొదలైన సామాజిక తనిఖీ వల్ల వచ్చింది. 2009లో దానికోసం ప్రత్యేకంగా ఒక సొసైటీయే ఏర్పడింది. తనిఖీ బృందం ఇల్లిల్లూ తిరిగి మస్టరును కూలీల నోటి మాటతో సరిపోల్చి, మండల కేంద్రంలో ప్రజావేదిక పెట్టి అందరి ఎదుటా చదివేది. విలేకరి అక్కడ కూర్చుని రాసుకుంటే చాలు. ఆధారం బహిరంగమైన చోట అతడు ధైర్యంగా రాశాడు. బీరువాలో ఉండిపోయిన చోట 'స్థానికులు ఆరోపిస్తున్నారు' అన్న మాట వెనక దాక్కున్నాడు. అతని ధైర్యాన్ని తూచేముందు ఈ తేడాను లెక్కలోకి తీసుకోవాలి.

మండల విలేకరి ఎలా బతుకుతాడు

వరంగల్ ప్రాంతానికి పత్రికలు పట్నం నుంచి దిగిరాలేదు. ఇప్పుడు మహబూబాబాద్ జిల్లాలో ఉన్న ఇనుగుర్తి అనే పల్లెటూరి నుంచి 1922లోనే ఒద్దిరాజు సీతారామచంద్రరావు, రాఘవరంగారావు సోదరులు తెనుగు పత్రిక నడిపారు, అదీ నిజాం పాలనలో. తరువాతి కాలంలో ఎం.ఎస్. ఆచార్య వరంగల్ నుంచి జనధర్మ, వరంగల్ వాణి నడిపారు. ఇవన్నీ సంపాదకుడి పేరే పెట్టుబడిగా నడిచిన చిన్న పత్రికలు.

1989లో ఈనాడు జిల్లా అనుబంధాలు తేవడంతో లెక్క మారింది. ప్రతి జిల్లాకూ రోజూ పేజీలకు పేజీలు నింపాలి. దానికి ప్రతి మండలంలోనూ ఒక మనిషి కావాలి. మిగతా పత్రికలూ అదే దారి పట్టాయి. 2016లో జిల్లాలు చిన్నవయ్యాయి, ఉమ్మడి వరంగల్ చివరకు ఆరు జిల్లాలైంది. ఆ మేరకు పేజీలూ విడిపోయాయి. ఊరి బోరింగు చెడిపోయిన సంగతి కూడా అచ్చులోకి వచ్చింది ఈ మార్పు వల్లనే. మామూలు మనుషుల బతుకు పత్రికకెక్కడం చిన్న విషయం కాదు.

అయితే ఆ మండల విలేకరికి ఉద్యోగం లేదు. కంట్రిబ్యూటర్ అనో, స్ట్రింగర్ అనో పిలుస్తారు. నెలకు అందేది గౌరవ వేతనమో, అచ్చయిన వార్తల కొలతను బట్టి లెక్కగట్టిన కొద్దిపాటి సొమ్మో. 1955 నాటి శ్రామిక పాత్రికేయుల చట్టం పత్రికా రచన ప్రధాన వృత్తిగా ఉన్నవారికి రక్షణ ఇచ్చింది. విలేకరి ఇంటి ఖర్చులకు జిరాక్స్ దుకాణమో, బీమా ఏజెన్సీయో నడుపుకుంటే అదే అతని ప్రధాన వృత్తి అని యాజమాన్యం అనవచ్చు. బతకడానికి చేసే రెండో పనే మొదటి పనిలో హక్కు లేకుండా చేస్తుంది.

ఇక ప్రకటనలు. దసరా, సంక్రాంతి, ఆగస్టు 15, జూన్ 2 వస్తున్నాయంటే డెస్కు నుంచి ఫోను వస్తుంది, ఈసారి ఇన్ని ప్రకటనలు కావాలని. తెచ్చినదాంట్లో విలేకరికి కమీషన్ ఉంటుంది. మండలంలో శుభాకాంక్షల ప్రకటన ఇవ్వగలిగేది ఎవరు? గుత్తేదారు, మిల్లు యజమాని, ప్రైవేటు పాఠశాల, స్థానిక నాయకుడు. తండా రోడ్డు వేసిందీ, ధాన్యంలో తరుగు తీసిందీ వీళ్లలోని వారే. నాకు తెలిసిన ఒక విలేకరి రోడ్డు మీద వార్త రాసిన ఏడాది, ఆ గుత్తేదారు దసరా ప్రకటన ఎదుటి పత్రికకు వెళ్లింది. అతన్ని ఎవరూ బెదిరించలేదు, ఎవరూ కొనలేదు. మరుసటి ఏడాది అదే గుత్తేదారు పని మీద రాయడానికి అతని చేయి ఆడలేదు. ఈ మౌనాన్ని ఏ చట్టమూ అవినీతి అనదు.

ఇదే నేల నుంచి ఇంకో మొక్కా మొలిచింది. వార్త రాస్తానని బెదిరించి సొమ్ము అడిగేవాళ్లు, రాసిన వార్తను ఆపుకునేందుకు బేరమాడేవాళ్లు ఉన్నారు. ఉద్యోగుల సంఘాలు ఈ మాట గట్టిగా అంటాయి, అనడంలో న్యాయముంది. సెల్‌ఫోను, మైకు గొట్టం ఉంటే చాలు ఛానల్ పెట్టగలిగే రోజుల్లో ఈ బెడద ఇంకా పెరిగిందని పాత విలేకరులే చెబుతారు. మరోవైపు, పెద్ద పత్రికలు వదిలేసిన భూ వివాదాన్నో, వసతి గృహంలో పురుగుల అన్నాన్నో మొదట బయటపెట్టింది ఇలాంటి చిన్న ఛానలే అయిన సందర్భాలూ ఉన్నాయి. రెండూ నిజాలే. ఛానల్ చిన్నదా పెద్దదా అన్నదాన్ని బట్టి వార్త నిజాయితీ తేలదు.

వ్యాధి పైఅంతస్తుల్లోనూ ఉంది. 2009 ఎన్నికల్లో అభ్యర్థుల ప్రచారాన్నే వార్తలుగా అచ్చువేసి డబ్బు తీసుకున్న వ్యవహారంపై ప్రెస్ కౌన్సిల్ ఇద్దరు సభ్యుల ఉపసంఘాన్ని వేసింది. వారిలో ఒకరు తెలుగు పాత్రికేయుడు కె. శ్రీనివాసరెడ్డి. 2010లో ఆ ఉపసంఘం ఇచ్చిన నివేదిక పత్రికల పేర్లు కూడా చెప్పింది. కౌన్సిల్ మొదట సంక్షిప్త రూపాన్నే బయటపెట్టింది. పూర్తి నివేదిక వెలుగు చూడడానికి సమాచార హక్కు చట్టం కావాల్సివచ్చింది.

యాజమాన్యాల సంగతి పాఠకులకు తెలియనిది కాదు. నమస్తే తెలంగాణ భారత రాష్ట్ర సమితి నాయకత్వానికి సన్నిహితమైనది. సాక్షి వైఎస్ జగన్ కుటుంబం స్థాపించినది. వెలుగు గడ్డం వివేక్ వెంకటస్వామి కుటుంబానిది, మంచిర్యాల జిల్లా చెన్నూరు ఎమ్మెల్యే అయిన ఆయన 2025 జూన్‌లో మంత్రి అయ్యారు. దీన్నిబట్టి ఆ పత్రికల్లో వచ్చే అవినీతి వార్తలు అబద్ధాలని తేల్చేయడం తొందరపాటు. ఎదుటి పక్షం తప్పును తవ్వే శ్రద్ధ పోటీ పత్రికకే ఎక్కువ ఉంటుంది, తవ్వి తీసిన కాగితం నిజమైనదే కావచ్చు. రాసినదానికన్నా రాయకుండా వదిలేసిన దాంట్లోనే యాజమాన్యం చేయి ఎక్కువగా ఉంటుంది. దాన్ని పట్టుకోవాలంటే రెండో పత్రిక చదవాల్సిందే.

ప్రభుత్వం చేతిలోనూ తాళ్లున్నాయి. అక్రెడిటేషన్ కార్డులు, ప్రకటనలు, ఇళ్ల స్థలాలు అక్కడి నుంచే రావాలి. హైదరాబాద్‌లో ప్రజాప్రతినిధులు, న్యాయమూర్తులు, ఉన్నతాధికారులతోపాటు పాత్రికేయుల సంఘాలకూ చేసిన స్థలాల కేటాయింపులను 2024 నవంబరులో సుప్రీంకోర్టు కొట్టేసింది. ఇల్లు లేని విలేకరికి స్థలం అడిగే హక్కు లేదా అన్న ప్రశ్న సబబైనదే. ఇచ్చే చేతి మీద రేపు వార్త ఎలా రాస్తాడన్నదీ సబబైనదే.

ఆరోపణ నుంచి తీర్పు దాకా ఎన్ని మెట్లు

మేడిగడ్డను తీసుకుంటే ఈ మెట్లన్నీ కనిపిస్తాయి. కాళేశ్వరం ప్రాజెక్టులో భాగంగా భూపాలపల్లి జిల్లాలో గోదావరి మీద కట్టిన ఆ బరాజ్ ఏడో బ్లాకు 2023 అక్టోబరు 21న కుంగింది. అది సంఘటన, కళ్లతో చూడగలిగినది. 2024 ఫిబ్రవరిలో కాగ్, అంటే ప్రభుత్వ ఖర్చులను ఆడిట్ చేసే సంస్థ, నివేదిక శాసనసభ ముందుకు వచ్చింది. కాళేశ్వరం వ్యయం 1.47 లక్షల కోట్లు దాటవచ్చని, పెట్టే ప్రతి రూపాయికి వచ్చే ఫలం 52 పైసలేనని లెక్కగట్టింది. అది ఆడిట్ అభ్యంతరం. డబ్బు ఎలా ఖర్చయిందో, ఆ ఖర్చు తగినదో కాదో అది చెబుతుంది, ఎవరు తిన్నారో తేల్చదు. 2024 మార్చిలో వేసిన జస్టిస్ పినాకి చంద్రఘోష్ కమిషన్ 2025 జూలై 31న నివేదిక ఇచ్చింది. అది విచారణ కమిషన్ నివేదిక. 1952 నాటి చట్టం కింద వేసిన కమిషన్ అభిప్రాయం చెప్పగలదు, శిక్ష వేయలేదు. ఆపైన వ్యవహారాన్ని సీబీఐకి అప్పగించాలని ప్రభుత్వం నిర్ణయించింది. బాధ్యులెవరో కమిషన్ చెప్పిందని ఒక పక్షం, ఇది రాజకీయ కక్ష అని మరో పక్షం వాదించుకుంటున్నాయి. దోషి ఎవరన్న ప్రశ్నకు సంఘటన గానీ, ఆడిట్ గానీ, కమిషన్ గానీ జవాబు కాదు. దర్యాప్తు, అభియోగపత్రం, సాక్షుల విచారణ, తీర్పు ఆపైన ఉన్న మెట్లు.

మండల స్థాయిలోనూ ఇవే మెట్లు. ట్రాప్ అయిన ఉద్యోగి సస్పెండైతే శిక్ష పడిందనుకుంటారు. సస్పెన్షన్ శిక్ష కాదు. నలభై ఎనిమిది గంటలకు మించి నిర్బంధంలో ఉన్న ఉద్యోగిని సస్పెండైనట్టే భావించాలని సేవా నియమాలే చెబుతాయి. కోర్టులో విచారణ మొదలు కావాలంటే మళ్లీ ప్రభుత్వ అనుమతి కావాలి.

దర్యాప్తు మొదలుకావడానికే అనుమతి కావాల్సిన సందర్భాలు కూడా ఉన్నాయి. 2018 సవరణతో వచ్చిన 17ఏ సెక్షన్ ప్రకారం, అధికార విధుల్లో తీసుకున్న నిర్ణయం మీద ఆరోపణ వస్తే ప్రభుత్వం అనుమతించేవరకు విచారణ జరపరాదు. లంచం తీసుకుంటుండగా పట్టుకున్న కేసులకు ఈ నియమం వర్తించదు. ప్రతి సంతకం వెనకా పోలీసులు నిలబడితే నిజాయితీ గల అధికారి ఏ నిర్ణయమూ తీసుకోలేడని దీన్ని సమర్థించేవారంటారు. ఆ భయం ఉత్తది కాదు, దస్త్రం మీద సంతకం చేయకుండా తప్పించుకునే అధికారులను మనం చూస్తూనే ఉన్నాం. ఎవరి మీద ఆరోపణ వచ్చిందో ఆ ప్రభుత్వమే తలుపు తీయాలా వద్దా అని తేలిస్తే ఎలా అని వ్యతిరేకించేవారు అడుగుతారు. వాదన ఏదైనా జిల్లా పేజీ మీద పడే ఫలితం ఒకటే. కింది ఉద్యోగి ఐదు వేలకు ఆ రోజే దొరుకుతాడు, టెండరు మీద సంతకం చేసిన పెద్ద అధికారి దగ్గరికి వెళ్లే దారిలో అనుమతి గేటు ఉంది. ఫొటోల్లో ఎప్పుడూ చిన్న ఉద్యోగులే కనిపించడానికి ఇది ఒక కారణం.

పేరు రాయాలా, వద్దా

నిందితుడి పేరు, ఫొటో తీర్పుకు ముందే వేయడం సరైనదేనా అన్నదాని మీద విలేకరుల్లోనే ఏకాభిప్రాయం లేదు. పేరు వేస్తేనే అతని చేతిలో నష్టపోయిన మిగతావాళ్లు ముందుకొస్తారు, ప్రభుత్వ జీతం తీసుకునేవారికి ప్రజల ముందు నిలబడే బాధ్యత ఉందని ఒక వాదన. బడికి వెళ్లే పిల్లల చేతికి ఆ పేజీ అందుతుంది, పదేళ్లకు కేసు కొట్టేస్తే ఆ వార్త ఎవరు వేస్తారన్నది రెండో వాదన. నేను మొదటి వాదన వైపే ఉంటాను. కానీ నిర్దోషిగా విడుదలైన ఉద్యోగి వార్త, ట్రాప్ వార్త వచ్చిన చోటే, అంతే పరిమాణంలో రావడం నా కంట పడలేదు.

చట్టం విలేకరిని ఎక్కడ ఆపుతుంది? భారతీయ న్యాయ సంహిత 356వ సెక్షన్ కింద పరువునష్టం రెండేళ్ల వరకు జైలు పడగల నేరం. ప్రజాహితం కోసం చెప్పిన సత్యానికి, ప్రభుత్వోద్యోగి విధి నిర్వహణ మీద సదుద్దేశంతో చేసిన వ్యాఖ్యకు మినహాయింపు ఉంది. 1994 నాటి రాజగోపాల్ కేసులో సుప్రీంకోర్టు ఇంకాస్త ముందుకెళ్లింది. అధికార విధుల గురించి రాసినదాంట్లో పొరపాటు ఉన్నా, నిజానిజాలు బొత్తిగా పట్టించుకోకుండా రాశారని రుజువైతే తప్ప అధికారి నష్టపరిహారం కోరలేడని చెప్పింది. కాగితం మీద ఇది గొప్ప రక్షణ. ఆ రక్షణ దక్కేది కోర్టులో. అక్కడికి చేరేలోపు వకీలు ఫీజు, వాయిదాలకు తిరిగే బస్సు చార్జీలు, పోయిన దినాలు ఎవరి ఖాతాలో పడతాయి? జీతమే లేని మండల విలేకరికి నోటీసు అందితే చాలు, తీర్పు దాకా వెళ్లనక్కరలేదు. సమాచారం ఇచ్చిన గుమస్తా పేరు చెప్పకుండా దాచే హక్కును గట్టిగా కాపాడే చట్టమూ మన దేశంలో లేదు. ప్రెస్ కౌన్సిల్ ముందు మాత్రం ఆ రక్షణ ఉంది. కౌన్సిల్ ఎవరినైనా మందలించగలదు, అంతకుమించి ఏమీ చేయలేదు. టీవీ, యూట్యూబ్ దాని పరిధిలో లేవు.

బీరువాలోని కాగితం కోసం

ఇన్ని అడ్డంకుల మధ్య తండా రోడ్డు వార్తను మూడు వాక్యాల నుంచి బయటికి తేగలిగిన సాధనం సమాచార హక్కు చట్టం. 2005 అక్టోబరులో అమల్లోకి వచ్చింది. మన దగ్గర గ్రామ స్థాయి కార్యాలయాల్లో దరఖాస్తుకు రుసుము లేదు, మండల స్థాయిలో ఐదు రూపాయలు, ఆపైన పది. జనధర్మ నడిపిన ఎం.ఎస్. ఆచార్య కుమారుడు మాడభూషి శ్రీధర్ 2013 నుంచి 2018 వరకు కేంద్ర సమాచార కమిషనర్‌గా పనిచేశారు. వరంగల్‌లో పత్రికకూ ఈ చట్టానికీ ఉన్న చుట్టరికం ఒక్క ఇంట్లోనే కనిపిస్తుంది.

మన విలేకరి జూన్ 1న అంచనా ప్రతి, ఎంబీ నకలు అడిగాడనుకుందాం. జవాబుకు ముప్ఫై రోజులు, అంటే జూలై మొదటికి. జవాబు రాలేదు. మొదటి అప్పీలు వేస్తే తేల్చడానికి ముప్ఫై రోజులు, కారణం చూపితే నలభై ఐదు. ఆగస్టు సగం గడిచింది, వాన నీళ్లకు రోడ్డు అంచులు అప్పటికే విరుగుతుంటాయి. తొంభై రోజుల్లోగా రాష్ట్ర సమాచార కమిషన్‌కు రెండో అప్పీలు వేయవచ్చు. దాన్ని ఇన్ని రోజుల్లో తేల్చాలన్న గడువు చట్టంలోనే లేదు. అడిగింది ఒక అధికారి ఆస్తుల వంటి వివరమైతే వ్యక్తిగత సమాచారమన్న జవాబు రావచ్చు. వ్యక్తిగత వివరాల మినహాయింపును 2023 నాటి డేటా రక్షణ చట్టం ఇంకా వెడల్పు చేసింది. ఎంబీ వ్యక్తిగత సమాచారం కాదు, అయినా దానిలోని పేర్లు చూపి నిరాకరించవచ్చునన్న భయం విలేకరుల్లో ఉంది. ప్రజాహితం ఎక్కువైతే ఇవ్వాలన్న నిబంధన ఇంకా ఉంది కదా అని ప్రభుత్వం అంటోంది. ఆ ప్రజాహితాన్ని తూచాల్సింది చివరకు కమిషనే.

2023 ఫిబ్రవరిలో అప్పటి కమిషనర్ల పదవీకాలం ముగిసింది. 2025 మేలో కొత్తవారిని నియమించేవరకు, ఆ రెండేళ్లకు పైగా కాలంలో హైదరాబాద్ చేరిన ఏ రెండో అప్పీలునూ వినడానికి తెలంగాణ సమాచార కమిషన్‌లో ఒక్క కమిషనరూ లేరు. ఆ రోజుల్లో ఎంబీ నకలు అడిగిన విలేకరి ఎవరైనా ఉంటే, అతని వార్త 'స్థానికులు ఆరోపిస్తున్నారు' అన్న చోటే ఉండిపోయి ఉంటుంది. రోడ్డు రెండు వానాకాలాలు తడిసింది.